ఏకాకి యాత్రకు ఏర్పాట్లు

ఈ శీర్షిక క్రింద గడచిన సంచికలలో పంపుల కంపనం గూర్చి, విద్యుత్తు పొదుపు గూర్చి ముచ్చటించుకున్నాం. ఈసారి విషయం కొంత స్వంతమైనది. అయినప్పటికీ పదవీ విరమణకు చేరువలో ఉన్న సహోద్యోగులకూ, వారి కుటుంబ సభ్యులకూ ఉపయోగపడగలదన్న నమ్మకంతో వ్రాస్తున్నాను. రానున్న నవంబరు మాసంలో నేను పన్నెండు రోజుల పాటు జపాను దేశంలో పర్యటించదలచాను. ఏ బృందంతోనూ కాదు, ఏ పర్యాటక సంస్థ వెంటా కాదు. ఒక్కడినే.

ఈ మాట ఇంట్లో చెప్పిన రోజున నా శ్రీమతి వెంటనే ఏమీ అనలేదు. పప్పుకు తాలింపు వేసి, గ్యాస్ కట్టేసి, తీరిగ్గా వచ్చి కూర్చుని మూడు ప్రశ్నలు వేసింది. "ఎందుకు వెళ్తున్నారు? ఏం తింటారు? రెండేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి, ఊరు కాని ఊళ్ళో కళ్ళు తిరిగి పడిపోతే ఎవరికి తెలుస్తుంది?" ముప్పయి అయిదేళ్ల సర్వీసులో ఎన్నో ప్రతిపాదనలను పై అధికారుల ముందుంచి ఆమోదం పొందాను గాని, ఇంత సూటియైన ప్రశ్నలు ఏ కమిటీ కూడా వేసిన జ్ఞాపకం లేదు. ఆమెకు మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవడం కష్టం. పైగా మా అత్తగారు ఎనభై ఆరేళ్ల వయస్సులో మా వద్దనే ఉన్నారు. కనుక ఇద్దరం కలసి వెళ్ళే మాట లేదు. వెళ్తే నేనొక్కడినే వెళ్ళాలి, లేదా మానుకోవాలి.

ఎందుకు?

మొదటి ప్రశ్నకు నా వద్ద రెండు సమాధానాలున్నాయి. ఒకటి సులభంగా చెప్పగలిగినది. 1993లో మా యూనిట్‌లో ఒక కంప్రెసర్ నెలకొల్పుతున్నప్పుడు జపాను నుండి ఒక పెద్దాయన వచ్చి నాలుగు నెలలు మాతో ఉన్నారు. క్యోటో నగరవాసి. ఆయన ప్రతి మీటరు ముందు నిలిచి, వేలు చూపి, అందులోని అంకెను బిగ్గరగా పలికి, ఆ తరువాతనే పుస్తకంలో వ్రాసేవారు. అప్పట్లో కుర్రవాళ్ళమైన మేము చాటున నవ్వుకున్నాం. దానిని వారి భాషలో 'షిసా కాంకో' అంటారనీ, జపాను రైల్వే కార్మికులు ఆవిరి ఇంజన్ల కాలం నుండి పాటిస్తున్న పద్ధతి అనీ తరువాత తెలిసింది. 1994లో ఆ దేశపు రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ జరిపిన ప్రయోగంలో, ఈ పద్ధతి పాటించినప్పుడు పొరపాట్లు దాదాపు ఆరో వంతుకు తగ్గినట్లు తేలింది. మా ఇంట్లో గ్యాస్ మీటకు వేలు చూపి "కట్టాను" అని పైకి అనే అలవాటు నా శ్రీమతికి నా ద్వారానే వచ్చింది. ఇంటిల్లిపాదీ పాటించదగిన అలవాటు.

ఆ పెద్దాయన స్వదేశానికి వెళ్ళాక ప్రతి జనవరిలోనూ ఒక నూతన సంవత్సరపు కార్డు పంపేవారు. ఒక కార్డు మీద క్యోటోలోని కెయాగే అనే చోటి బొమ్మ ఉన్నది. వెనుక ఇంగ్లీషులో, మా ఊరి విద్యుత్తు ఇక్కడ పుట్టింది, ఒకసారి వచ్చి చూడండి అన్న అర్థంతో రెండు పంక్తులు వ్రాశారు. 2009 తరువాత కార్డులు రాలేదు. అన్ని సంవత్సరాలలో నేను తిరిగి జవాబు వ్రాసినది మూడు సార్లు మాత్రమే. షట్‌డౌన్ పనులనీ, పిల్లల పరీక్షలనీ ఎప్పటికప్పుడు వాయిదా వేశాను. ఆయన ఉన్నారో లేరో తెలియదు. ఆయన చూడమన్న చోటునైనా చూసి రావాలని ఉన్నది.

రెండవ సమాధానం చెప్పడానికి కొంత సంకోచించాను. ఇన్నేళ్లలో దేశం నలుమూలలా తిరిగాను. కాని టిక్కెట్టు కార్యాలయం వారు తీస్తారు, స్టేషన్‌కు కారు వస్తుంది, అతిథి గృహంలో వంటవాడు "సార్, భోజనం" అంటాడు. ఏనాడూ నా అంతట నేను ఒక పూట ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో నిర్ణయించుకోవలసిన అవసరం రాలేదు. మరి పద్నాలుగు నెలలకు గది తలుపు మీద నా పేరు పలక తీసివేస్తారు. అటు తరువాత నేను ఏమి చేయగలనో నాకే తెలియదు. ఈ మాట చెప్పినప్పుడు శ్రీమతి మొదటిసారిగా నవ్వింది. "కారు రాని చోట మీరెలా ఉంటారో నాకూ చూడాలని ఉంది" అన్నది. ఆమోదంలో మొదటి అంకం అక్కడ ముగిసింది.

ఫ్లోట్ లేని పథకం

జపాను వీసాకు దరఖాస్తు చేసేవారు ఏ రోజు ఏ ఊరిలో, ఏ బసలో ఉంటారో తేదీల వారీ పట్టికగా ఇవ్వవలసి ఉంటుంది. భారతదేశంలో నివసించే భారతీయులకు 2024 ఏప్రిల్ నుండి పర్యాటక వీసాను ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా ఇస్తున్నారు. పట్టికలు గీయడం మనకు వెన్నతో పెట్టిన విద్య కదా అని ఒక ఆదివారం కూర్చుని పూర్తి చేశాను. ఉత్తరాన హొక్కాయిదో నుండి దక్షిణాన కాగోషిమా వరకు పన్నెండు రోజులలో పది ఊళ్ళు, తొమ్మిది హోటళ్ళు. రైళ్ల వేళలు నిమిషాలతో సహా వేశాను. మా ప్రణాళికా విభాగంలోని ఒక యువ ఇంజనీరుకు గర్వంగా చూపించాను. ఆ అబ్బాయి రెండు నిమిషాలు చూసి, మర్యాదగా, "సార్, ఇందులో ఫ్లోట్ ఎక్కడ సార్?" అని అడిగాడు.

ముప్పయి ఏళ్లుగా ఇతరుల బార్ చార్టులలో నేను అడుగుతున్న ప్రశ్న అది. ఒక్క రైలు తప్పినా, ఒక్క రోజు జ్వరం వచ్చినా మొత్తం కూలిపోయే పథకం అది. వెంట మరొకరు ఉంటే ఒకరు టిక్కెట్టు సంగతి చూస్తారు, మరొకరు సామాను చూస్తారు. ఒంటరి ప్రయాణికునికి స్టాండ్‌బై లేదు. అతడే పంపు, అతడే మోటారు. కనుక ఖాళీ సమయం ఎక్కువగా ఉండాలి. పట్టిక చింపివేసి మళ్ళీ గీశాను. ఒసాకాలో ఒక రాత్రి, కోయాసాన్ కొండ మీద ఒక రాత్రి, హిరోషిమాలో రెండు, క్యోటోలో నాలుగు, టోక్యోలో మూడు. మూడు రోజులకొకసారి మధ్యాహ్నం పూర్తిగా ఖాళీ.

ఊళ్ళు తగ్గించడంతో ఖర్చు కూడా తగ్గింది. జపాను వెళ్ళేవారందరూ ముందుగా కొనేది విదేశీయులకు ప్రత్యేకించిన రైలు పాస్. ఏడు రోజుల సాధారణ తరగతి పాస్ 2023 అక్టోబరు వరకు 29,650 యెన్‌లు. అప్పుడు ఒక్కసారిగా 50,000 యెన్‌లు అయింది. నేను ఒసాకా వద్ద దిగి టోక్యో నుండి తిరుగు విమానం ఎక్కేటట్లు టిక్కెట్టు తీసుకుంటే, వెళ్ళిన దారినే మళ్ళీ వెనుకకు రానక్కరలేదు. ఒసాకా నుండి హిరోషిమాకు సుమారు పదిన్నర వేలు, అక్కడి నుండి క్యోటోకు సుమారు పదకొండున్నర వేలు, క్యోటో నుండి టోక్యోకు సుమారు పద్నాలుగు వేల యెన్‌లు. మొత్తం ముప్పయి ఆరు వేలకు అటూ ఇటూ. పాస్ అనవసరమని తేలింది. అందరూ కొంటున్నారని కొనక, కాగితం మీద కూడి చూసుకొనవలెనని నా మనవి.

నెలను ఎన్నుకోవడంలో కూడా ఆలోచన అవసరం. మార్చి చివర, ఏప్రిల్ మొదట చెర్రీ పూలు అందంగా ఉంటాయి గాని జనసమ్మర్దం ఎక్కువ. ఏప్రిల్ చివరి నుండి మే మొదటి వారం వరకు వారికి వరుస సెలవులు. జూను, జూలైలలో వర్షాలు; ఆగస్టు, సెప్టెంబరులలో తుఫానులు. నవంబరులో ఆకులు ఎరుపెక్కే కాలం. చలి మనం తట్టుకోగలిగినంతే. ఆ నెలలో క్యోటోలో గదులు ప్రియం. ఒంటరివారికి ఒక అనుకూలం ఏమనగా, అక్కడి బిజినెస్ హోటళ్ళలో ఒక్కరికి సరిపడే చిన్న గదులు, ఒక్కరికి తగిన అద్దెతో దొరుకుతాయి. పెద్ద పెట్టెను ఒక హోటల్ నుండి మరొక హోటల్‌కు చేరవేసే పార్సెల్ సేవ కూడా ఉన్నది. భుజాన చిన్న సంచితో కొండ ఎక్కవచ్చును.

ఇంజనీరు చూడవలసినవి

నా పట్టికలో వినోద స్థలాలు తక్కువ. దిగబోయే కాన్సాయ్ విమానాశ్రయమే ఒక పాఠం. సముద్రంలో మట్టి నింపి నిర్మించిన దీవి మీద 1994లో దానిని ప్రారంభించారు. దీవి క్రమంగా కుంగుతూనే ఉన్నది. అది ముందే తెలిసి, కట్టడపు స్తంభాల అడుగున జాకీలు పెట్టి ఎప్పటికప్పుడు మట్టం సరిచేసుకునే ఏర్పాటు చేశారు.

రెండవది షింకాన్సెన్. 1964 అక్టోబరు 1న టోక్యో, షిన్ ఒసాకాల మధ్య గంటకు 210 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో ఇది మొదలైంది. అప్పుడు నాలుగు గంటల ప్రయాణం. ఇప్పుడు అతి వేగవంతమైన రైలుకు రెండు గంటల ఇరవై నిమిషాలకు కొంచెం ఎక్కువ. నాటి నుండి పట్టాలు తప్పడం వల్ల గాని, రైళ్ళు ఢీకొనడం వల్ల గాని అందులో ఒక్క ప్రయాణికుడు కూడా మరణించలేదు.

మూడవది మన విద్యుత్ విభాగం మిత్రులకు నచ్చే విషయం. జపానులో తూర్పు భాగాన 50 హెర్ట్‌జ్, పడమటి భాగాన 60 హెర్ట్‌జ్. పందొమ్మిదవ శతాబ్ది చివర టోక్యో వారు జర్మనీ నుండి, ఒసాకా వారు అమెరికా నుండి జనరేటర్లు కొన్న ఫలితం ఇది. ఫుజి నది సరిహద్దు. టోక్యో నుండి పడమటికి పోయే షింకాన్సెన్ మాత్రం ఆసాంతం 60 హెర్ట్‌జ్ మీదనే నడుస్తుంది. తూర్పు భాగంలో దాని కోసం ఫ్రీక్వెన్సీ మార్చే కేంద్రాలు కట్టారు. 2011 మార్చి 11 భూకంపం, సునామీల తరువాత తూర్పున విద్యుత్ కేంద్రాలు ఆగిపోతే, పడమట విద్యుత్తు ఉండి కూడా తగినంత పంపలేకపోయారు. రెండింటి మధ్య మార్పిడి సామర్థ్యం అప్పటికి సుమారు 1,000 మెగావాట్లే. 2021లో దానిని 2,100 మెగావాట్లకు పెంచారు. పందొమ్మిదవ శతాబ్ది నాటి కొనుగోలు ఆర్డరు ఒకటి ఎంత దూరం వెంటాడిందో గమనించండి.

గృహిణులకు ఒక ముఖ్య గమనిక. అక్కడి ఇళ్ళలో వోల్టేజి 100 మాత్రమే. ప్లగ్గుకు రెండు బల్లపరుపు పిన్నులు ఉంటాయి. ఫోను ఛార్జర్లు సాధారణంగా పనిచేస్తాయి. పిన్నులు మార్చే అడాప్టరు చాలు. కాని మన వెయ్యి వాట్ల నీళ్ళ హీటరు కడ్డీ అక్కడ సుమారు 190 వాట్లే ఇస్తుంది. స్నానం నీళ్ళు కాగేసరికి మధ్యాహ్నం అవుతుంది. కనుక అది ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇక కెయాగే. 1868 తరువాత రాజధాని టోక్యోకు తరలిపోగా క్యోటో నగరం కళ తప్పింది. బివా సరస్సు నుండి కాలువ తవ్వి నగరానికి జీవం పోయాలని ఆ ప్రాంత గవర్నరు సంకల్పించి, ఆ కాలువ మీదనే పట్టా వ్యాసం వ్రాసిన తనాబే సకురో అనే యువ ఇంజనీరుకు పని అప్పగించాడు. 1885లో పని మొదలై 1890లో ముగిసింది. తొలి పథకంలో విద్యుత్తు లేదు. నీటి చక్రాలతో మరలు తిప్పుదామనుకున్నారు. పని మధ్యలో 1888లో తనాబే అమెరికా వెళ్ళి అక్కడి జలవిద్యుత్ కేంద్రాన్ని చూసి వచ్చి పథకం మార్చాడు. ఫలితంగా 1891లో కెయాగే కేంద్రం నుండి విద్యుత్తు వచ్చింది. 1895లో జపానులోని మొట్టమొదటి విద్యుత్ ట్రాము క్యోటో వీధులలో నడిచింది. హైదరాబాదుకు ఉస్మాన్ సాగర్ రూపకల్పన చేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1898లో జపాను వెళ్ళారని గుర్తుచేసుకుంటే, ఆ దేశపు పరిశ్రమలను చూడడానికి మనవారు ఎంత కాలంగా వెళ్తున్నారో తెలుస్తుంది.

హిరోషిమాకు రెండు రాత్రులు కేటాయించడానికి కారణం వేరు. 1915లో చెక్ దేశపు వాస్తుశిల్పి యాన్ లెట్సెల్ రూపకల్పనలో నిర్మించిన భవనం, 1945 ఆగస్టు 6 ఉదయం ఎనిమిదిం పదిహేను నిమిషాలకు జరిగిన విధ్వంసం తరువాత ఎలా మిగిలిందో అలాగే నిలిపి ఉంచారు. ప్రేలుడు జరిగిన మూడవ రోజున, అంటే ఆగస్టు 9న, ఆ నగర కార్మికులు కొంత దూరం ట్రాము తిరిగి నడిపించారు. తీగలు కట్టినదీ, బండి నడిపినదీ మనవంటి ఉద్యోగులే. ఆ పట్టాల మీద ఒకసారి ప్రయాణం చేయాలని ఉన్నది.

ఏం తింటారు?

రెండవ ప్రశ్న తేలికైనది కాదు. నేను శాకాహారిని. అక్కడ కూరగాయల పులుసులోనైనా 'దాషి' అనే చేప రసం కలిసి ఉండవచ్చును. మాంసం, చేప, చేప రసం తినను అని జపాను లిపిలో ముద్రించిన చీటీ ఒకటి తయారు చేసుకున్నాను. బౌద్ధ ఆరామాలలో 'షోజిన్ ర్యోరి' అనే శాకాహార భోజనం పెడతారు. కోయాసాన్ కొండను ఎన్నుకోవడానికి సగం కారణం అదే. తొమ్మిదవ శతాబ్దిలో కూకై అనే ఆచార్యుడు స్థాపించిన క్షేత్రం అది. అక్కడి ఆరామాలలో యాత్రికులకు బస ఇస్తారు. ఆ శాఖవారు తమ గురు పరంపరలో ఆచార్య నాగార్జునుని కొలుస్తారు. ఆయన పేరిట నాగార్జునకొండ, నాగార్జునసాగరం ఉన్న నేల నుండి వెళ్ళేవారికి ఆ పేరు అక్కడ వినడం ఒక ప్రత్యేకమైన అనుభూతి కాగలదు. క్యోటో నుండి ఒక పూట నారా వెళ్తాను. అక్కడి పదిహేను మీటర్ల కంచు బుద్ధునికి 752లో నేత్రోన్మీలనం చేసినది భారతదేశం నుండి వెళ్ళిన బోధిసేనుడే. టోక్యోలో నిషి కసాయ్ ప్రాంతాన భారతీయులు అధికం. అక్కడ భోజనానికి లోటుండదు. మిగిలిన రోజులకు అటుకులు, కందిపొడి, మాగాయ. పచ్చిపళ్ళు, మాంసంతో చేసిన పదార్థాలు మాత్రం వెంట తీసుకుపోరాదు.

పడిపోతే?

మూడవ ప్రశ్నకు మాటలతో కాక పరీక్షతో సమాధానం చెప్పదలచాను. ఏ యంత్రాన్నయినా లోడు వేయకముందు ఖాళీగా తిప్పి చూస్తాం. అందుచేత నాకు లిపి తెలియని ఊరుగా మదురైని ఎన్నుకుని, జూలైలో మూడు రోజులు ఒక్కడినే వెళ్ళి వచ్చాను. ఎవరికీ ఫోను చేయలేదు, అతిథి గృహంలో దిగలేదు. మొదటి రోజే ఊరి బస్సు తప్పు ఎక్కి పది కిలోమీటర్లు ఎదురు దిశలో పోయాను. రాత్రి వేసుకోవలసిన రక్తం పలుచబరచే మాత్రలు పెద్ద పెట్టె అడుగున ఉండిపోయి, తొమ్మిదిన్నరకు పెట్టె మొత్తం మంచం మీద కుమ్మరించవలసి వచ్చింది. అన్నిటికంటె పెద్ద లోపం మరొకటి. బస్సులో పక్కన ఉన్న ముసలమ్మను దారి అడగడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. తెలియదని ఒప్పుకోవడం ఇన్నేళ్ల పదవిలో మరచిపోయాను. ఆమె నా చేయి పట్టుకుని దింపి, ఎదురు బస్సు ఎక్కించింది.

ఈ పరీక్ష వల్ల జరిగిన మార్పులు ఇవి. మాత్రలు చొక్కా జేబులోనూ, భుజం సంచిలోనూ రెండు చోట్ల. వైద్యుని చీటీ ఇంగ్లీషులోను, దాని సారం జపాను భాషలోను. వ్యక్తిగత వాడకానికి ఒక నెలకు సరిపడా మందులు తీసుకుపోవచ్చును గాని, కొన్ని జలుబు, దగ్గు మందులలో ఉండే పదార్థాలు అక్కడ నిషిద్ధం లేదా పరిమితం. కనుక అటువంటివి ముందుగా విచారించుకోవాలి. హృద్రోగ వైద్యుని అనుమతి, పాత జబ్బులకు కూడా వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. అక్కడ అంబులెన్సుకు 119, పోలీసుకు 110. వీధి మూలల్లో 'కోబాన్' అనే చిన్న పోలీసు గదులుంటాయి. దారి అడగడానికి అందరూ అక్కడికే వెళ్తారు. ఈసారి ఇరవై నిమిషాలు ఆగను.

కార్యాలయం విషయం కూడా మరువరాదు. మనవంటి సంస్థల ఉద్యోగులు సొంత పనిపై విదేశాలకు వెళ్ళేందుకు ముందుగా అనుమతి పొందవలసి ఉంటుంది. సెలవు మంజూరు వేరు, ఈ అనుమతి వేరు. నిరభ్యంతర పత్రం చేతికి వచ్చాకనే తిరిగి సొమ్ము రాని టిక్కెట్లు కొనడం శ్రేయస్కరం.

మదురై నుండి వచ్చిన రాత్రి జరిగినదంతా దాచకుండా చెప్పాను. తప్పు బస్సు సంగతి విని శ్రీమతి వద్దంటుందని అనుకున్నాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "ముసలమ్మను అడిగారు కదా, ఇక ఫరవాలేదు" అన్నది. మూడు షరతులు పెట్టింది. జపాను కాలమానం మనకంటె మూడున్నర గంటలు ముందు గనుక, అక్కడ రాత్రి తొమ్మిదికి, ఇక్కడ సాయంత్రం అయిదున్నరకు ప్రతి దినమూ ఫోను చేయాలి. పట్టిక తెలుగులో వ్రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలి. వచ్చే ఏడాది, కారు రాకపోయినా సరే, ఆమెను చక్రాల కుర్చీ దొరికే ఊరికి ఎక్కడికైనా నేనే ఏర్పాట్లు చేసి తీసుకువెళ్ళాలి. మూడింటికీ ఒప్పుకున్నాను. ఆ పన్నెండు రోజులూ మా అమ్మాయి వచ్చి తల్లికీ, అమ్మమ్మకూ తోడుగా ఉంటుంది.

పాత కార్డు మీద ఉన్న చిరునామాకు గత వారం ఒక ఉత్తరం వ్రాశాను. పదిహేనేళ్లకు పైగా ఆలస్యమైన జవాబు అది. చేరుతుందో లేదో చూడాలి. చేరకపోయినా నవంబరులో కెయాగే కాలువ గట్టున ఒక ఉదయం నిలబడతాను.

జపాను వెళ్ళివచ్చిన సహోద్యోగులెవరైనా ఉంటే, ముఖ్యంగా శాకాహారులు, తమ అనుభవాలను సంపాదకుల ద్వారా నాకు తెలియజేయ ప్రార్థన. యాత్రలో పట్టిక ఎంతవరకు నిలిచినదీ, ఎక్కడ మారినదీ తిరిగి వచ్చాక ఇదే శీర్షికలో నివేదిస్తాను. అంతవరకు సెలవు.